జంక్షన్‌కు పేరిచ్చిన హాలు

ఉత్తరాంధ్ర జనజీవన చరిత్ర – 9వ భాగం

కిందటి భాగంలో విజయనగరం నాటకరంగం దగ్గర ఆగాం. 1892లో జగన్నాథ విలాసినీ సభ వారు ‘కన్యాశుల్కం’ ఆడినప్పుడు దాని వెనక ఆనంద గజపతి మహారాజు అండ ఎంత ఉందో చూశాం. 1919లో సంగీత పాఠశాల వెలిసింది. ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి అధ్యక్షుడయ్యారు. అదీ సంస్థానం చలవే. ఆ రోజుల్లో కళ కోట నీడన పెరిగింది, బాగా పెరిగింది. కానీ నీడ ఇచ్చినవాళ్ళే ఎవరు చూడవచ్చో, ఎవరు ఎక్కడ కూర్చోవాలో కూడా నిర్ణయించారు. గజపతులు, బొబ్బిలి దొరలు, ఊరి షావుకార్లు పిలిస్తే వెళ్ళి చూడటమే తప్ప, నా డబ్బు పెట్టి నేను వచ్చానని కూలివాడు గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పుకోగలిగిన చోటు ఈ ప్రాంతంలో అప్పటికి లేదు. అలాంటి చోటు సినిమా హాలుతో వచ్చింది. కోటలు, గుళ్ళు, గంటస్తంభాల చరిత్ర శ్రద్ధగా రాసుకున్న మనం హాళ్ళ చరిత్రను వదిలేశాం. ఈ ప్రాంతపు పట్టణాలకు నడిబొడ్డును తయారుచేసింది చాలావరకు ఆ హాళ్ళేననీ, వాటిని మింగేసింది కూడా ఆ నడిబొడ్డేననీ ఈ భాగంలో చూపిస్తాను.

ముందుగా పేర్ల సాక్ష్యం. శ్రీకాకుళంలో ఆటో ఎక్కి ‘సూర్యమహల్ జంక్షన్’ అంటే చాలు, ఇంకే గుర్తూ చెప్పక్కర్లేదు. ‘రామలక్ష్మణ జంక్షన్’ అన్నా అంతే. రెండూ సినిమా హాళ్ళ పేర్లే. విశాఖలో 1970లో కట్టిన జగదాంబ హాలు పేరు మీదే ఇవాళ్టికీ ఆ నగరపు ప్రధాన కూడలి నడుస్తోంది. పాతనగరంలో కూరగాయలకు వెళ్ళేవాళ్ళు పూర్ణా మార్కెట్ అనే మాటను రోజుకు పదిసార్లు అంటారు. ఆ పూర్ణా కూడా హాలే. ఆ హాళ్ళలో ఎన్నడూ సినిమా చూడనివాళ్ళు, అక్కడ హాలుందన్న సంగతే తెలియని కుర్రవాళ్ళు కూడా ఆ పేర్లు వాడతారు. మునిసిపాలిటీలు నాయకుల పేర్లు పెట్టిన రోడ్లు బోర్డుల మీదే మిగిలిపోయాయి. ఏ తీర్మానమూ లేకుండా జనం పెట్టుకున్న పేర్లు మాత్రం నిలిచాయి. ఊరివాళ్ళు దేన్ని గుర్తుగా పెట్టుకుని దారి చెబుతారో ఆ ఊరికి అదే కేంద్రం. ఈ లెక్కన ఒక తరం పాటు మన పట్టణాలకు హాలే కేంద్రం.

హాళ్ళు వచ్చిన దారి తిన్ననిదేమీ కాదు. 1914లో మద్రాసులో రఘుపతి వెంకయ్య గెయిటీ హాలు కట్టారు. 1921లో బెజవాడలో మారుతీ హాలు లేచింది. ఉత్తరాన ఉన్న మన ఊళ్ళకు మాత్రం చాలాకాలం డేరా సినిమాలే దిక్కు. ఆయిల్ ఇంజను, ఒక ప్రొజెక్టరు, గుడ్డ తెర, చుట్టూ తడికలు. సంత అయిపోతే డేరా మరో ఊరికి వెళ్ళిపోయేది. ఒకే ప్రొజెక్టరు కాబట్టి రీలు అయిపోయిన ప్రతిసారీ లైట్లు వెలిగేవి, మళ్ళీ రీలు ఎక్కించేదాకా జనం కబుర్లలో పడేవారు. అలా ఉన్నచోట స్థిరమైన హాలు కట్టాలంటే మూడు కావాలి: కరెంటు, డబ్బు, లైసెన్సు. డుడుమ జలపాతం దగ్గర మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955లో పని మొదలుపెట్టాకే ఈ జిల్లాల్లోని చిన్న పట్టణాలకు కరెంటు నమ్మకంగా అందే దారి ఏర్పడింది. డబ్బు బియ్యం మిల్లుల నుంచి, జనపనార, బెల్లం వ్యాపారాల నుంచి వచ్చింది. కోటల నుంచి కాదు. ఇక లైసెన్సు సంగతి కొంచెం ఆగి చూడాలి, ఎందుకంటే హాలు ఎక్కడ కట్టాలో, ఎలా కట్టాలో నిర్ణయించింది అదే.

సినిమా తొలి రోజుల్లో ఫిల్ము నైట్రేటుతో చేసేవారు. నిప్పు రవ్వ తగిలితే క్షణాల్లో అంటుకునేది, నీళ్ళు పోసినా ఆరేది కాదు. అందుకే 1918లో బ్రిటిష్ ప్రభుత్వం సినిమాటోగ్రాఫ్ చట్టం తెచ్చి, లైసెన్సు లేకుండా సినిమా ఆడించడం నేరం చేసింది. పాత హాళ్ళను జాగ్రత్తగా చూసినవాళ్ళకు ఆ చట్టం గోడల్లోనే కనిపిస్తుంది. ఆపరేటరు గదికి హాలు లోపల నుంచి దారి ఉండదు, బయటి నుంచి ఇనుప మెట్లుంటాయి. గది గోడలు మందం. తెర వైపు తెరుచుకునే చిన్న కిటికీలకు పై నుంచి జారిపడే ఇనుప రేకులు బిగించేవారు, మంట లేస్తే రేకు పడిపోయి మంట హాల్లోకి రాకుండా ఆగాలని. తలుపులు బయటికి తెరుచుకోవాలి, చుట్టూ ఖాళీ స్థలం వదలాలి. ఇన్ని షరతులున్న కట్టడం బజారు మధ్య ఇరుకు వీధుల్లో పట్టదు. అందువల్ల హాళ్ళు ఊరి చివర, చవకగా దొరికే విశాలమైన స్థలాల్లో లేచాయి. అక్కడికి ముందు సోడా బండి వచ్చింది, తర్వాత సైకిల్ స్టాండు, కిళ్ళీ బడ్డీ, టీ హోటలు, రిక్షా స్టాండు, చివరికి బస్సు ఆగే చోటు. రెండో ఆట వదిలేదాకా దీపాలు వెలిగే జాగా ఊళ్ళో అదొక్కటే. ఇరవై ఏళ్ళు తిరిగేసరికి ఊరి చివర ఊరి మధ్య అయింది.

ఇక్కడ మరో సాక్ష్యం, సినిమా వ్యాపారపు పటం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు గంజాం జిల్లాలోని తెలుగు తాలూకాలను విడదీసి విశాఖపట్నం జిల్లాలో కలిపారు. ఇచ్ఛాపురం నుంచి అనకాపల్లి దాకా ఒకే జిల్లా అయింది. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం వేరుపడింది. 1979 జూన్ 1న విజయనగరం వచ్చింది. 2022లో పార్వతీపురం మన్యం, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలు వచ్చాయి. కలెక్టరేట్లు ఎన్నిసార్లు మారినా సినిమా పంపిణీదారులు మాత్రం కదల్లేదు. నైజాం, సీడెడ్, ఈస్టు, వెస్టు అన్న వరసలో వాళ్ళకు ‘వైజాగ్ ఏరియా’ ఒకటే. ఇప్పుడు దాన్ని ఉత్తరాంధ్ర అంటున్నారు. పాలకులు పద్నాలుగేళ్ళు మాత్రమే ఉంచిన ఆ జిల్లా హద్దును సినిమావాళ్ళు ఇంతకాలం కాపాడుకొచ్చారు. విశాఖలో పూర్ణా పిక్చర్స్ వంటి సంస్థల నుంచి బయల్దేరిన ఫిల్ము డబ్బా రైల్లో ఆమదాలవలసలో దిగి, బస్సు టాపు మీద శ్రీకాకుళం చేరేది. బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం, టెక్కలి, పలాస తమ వంతు కోసం వారాల తరబడి ఎదురుచూసేవి. ఒకే ప్రింటును దగ్గర దగ్గర ఊళ్ళు పంచుకున్నప్పుడు, ఒక హాల్లో అయిపోయిన రీళ్ళను సైకిల్ మీద కట్టుకుని రెండో హాలుకు పరుగులు తీసే కుర్రవాడి మీద రెండు ఊళ్ళ సాయంత్రం ఆధారపడి ఉండేది.

హాలు లోపలికి వెళితే నేల, బెంచి, కుర్చీ, పైన బాల్కనీ. నేల తరగతి వాళ్ళు తెరకు దగ్గరగా, ఇసుక మీదో గచ్చు మీదో. ఆడవాళ్ళకు పక్కన వేరే క్యూ, వేరే గుమ్మం, చాలాచోట్ల మధ్యలో అడ్డగోడ. టికెట్టు కిటికీ అంటే గోడలో అరచెయ్యి పట్టే కంత. ఆ కంతకు చేరడానికి రెండు గోడల మధ్య మనిషి ఒక్కడే పట్టే సందు. లోపలికి చెయ్యి పెట్టినవాడి పిడికిట్లో చిల్లర, బయటికి తీసేసరికి అదే పిడికిట్లో నలిగిన రంగు కాగితం. ఆట మొదలయ్యే ముందు మైకులో ఘంటసాల పాడిన వేంకటేశ్వరుని పాట వేసేవారు. అది వినపడగానే వీధిలో నడుస్తున్నవాళ్ళు పరుగందుకునేవారు. పాట అయ్యేలోపు లోపల ఉండాలని ఊరంతటికీ తెలుసు. విజయనగరం సంగీత పాఠశాలలో మధూకరం ఎత్తుకుని చదువుకున్న పిల్లవాడి గొంతు, అదే జిల్లాల్లోని ప్రతి హాలుకూ గంట కొట్టింది. నెల్లిమర్ల, చిట్టివలస జనపనార మిల్లుల కార్మికులకు షిఫ్టు ఎలా ఉంటే ఆట అలా కుదిరేది. పైడితల్లి సిరిమానోత్సవానికి బళ్ళు కట్టుకుని వచ్చిన పల్లెలవాళ్ళు పగలు అమ్మవారిని చూసి, రాత్రి సినిమా చూసి, హాలు ముందే బళ్ళ కింద పడుకుని తెల్లవారి కదిలేవారు. అరసవల్లి రథసప్తమికి శ్రీకాకుళంలోనూ అదే వరస.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, గట్టిది. నేల, బెంచి, కుర్చీ, బాల్కనీ అని మెట్లు కట్టిన చోటును అందరి చోటు అని ఎలా అంటారు? కులం మెట్ల బదులు డబ్బు మెట్లు పెట్టారు, అంతే కదా? పైగా ఆ రోజుల్లో డబ్బూ కులమూ చాలావరకు ఒకే ఇంట్లో ఉండేవి, కాబట్టి బాల్కనీలో ఎవరు కూర్చున్నారో, నేల మీద ఎవరు కూర్చున్నారో చూస్తే ఊరి కులపటం అలాగే కనిపించేది. ఈ మాట నిజం. దీన్ని తోసిపుచ్చను. అయితే దీనికి పక్కన రెండు సంగతులు పెట్టి చూడాలి. మద్రాసు రాష్ట్రంలో దళితులకు గుళ్ళ తలుపులన్నీ తెరిచే ఆలయ ప్రవేశ చట్టం 1947లో గానీ రాలేదు. అప్పటికే టాకీ వచ్చి పదిహేనేళ్ళు. గుడి ఇంకా బయటే నిలబెడుతున్న మనిషికి హాలు టికెట్టు అమ్ముతోంది. రెండోది, 1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం 15వ అధికరణంలో, కులం పేరుతో ఎవరినీ ఆపకూడని చోట్లను పేరుపేరునా చెప్పింది. దుకాణాలు, హోటళ్ళు, బావులు, చెరువులు, వాటితోపాటు వినోద స్థలాలు. అలా ప్రత్యేకంగా రాయాల్సి వచ్చిందంటే అక్కడ కూడా ఆపినవాళ్ళు ఉన్నారన్నమాటే కదా అనవచ్చు. ఔను, ఉన్నారు. కానీ బావితో సమానంగా వినోద స్థలాన్ని చట్టం లెక్కలోకి తీసుకుందంటే, అది మనిషికి అవసరమైన ఉమ్మడి చోటుగా అప్పటికే తేలిందని కూడా అర్థం. కులం మెట్టు పుట్టుకతో వచ్చేది, ఎక్కలేనిది. నేల నుంచి బెంచికి ఎక్కాలంటే పండగ రోజున మరో అణా చాలు. ఇది సమానత్వం కాదు. కానీ ఆ గోడల బయట అప్పటికి ఆ మాత్రం కూడా లేదు.

రెండో అభ్యంతరం నాటకం మనుషులది. సినిమా హాలు వచ్చి నాటకాన్ని, హరికథను, తోలుబొమ్మలాటను చంపేసిందని, దాని కోసం ఇప్పుడు కన్నీళ్ళెందుకని అంటారు. తోలుబొమ్మలాట విషయంలో ఈ నింద చాలావరకు నిలబడుతుంది. ఊరూరా తిరిగే ఆ కుటుంబాల రాత్రులను డేరా సినిమా లాగేసుకుంది. నాటకం కథ మాత్రం వేరు. 1932 ఫిబ్రవరి 6న విడుదలైన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ సురభి నాటక సమాజం వారితో తీసిందే. ‘కన్యాశుల్కం’ 1955లో సినిమా అయి, తాను పుట్టిన విజయనగరానికే తిరిగి వచ్చింది. రంగస్థలం మీద ఒకప్పుడు కొందరే చూడగలిగిన గిరీశాన్ని, మధురవాణిని నేల టికెట్టు వాళ్ళు కూడా చూశారు. దాంతో విజయనగరంలో నాటకం ఆగిపోయిందా అంటే లేదు. జె.వి. సోమయాజులు, జె.వి. రమణమూర్తి సోదరులు హాళ్ళు కళకళలాడుతున్న కాలంలోనే ‘కన్యాశుల్కం’ పదే పదే ఆడారు. ఆ సోమయాజులే 1980లో ‘శంకరాభరణం’తో అవే హాళ్ళ తెర మీదికి వచ్చారు. హాలూ రంగస్థలమూ ఒకదాని జనాన్ని మరొకటి తయారుచేశాయి. రెండూ ఇంచుమించు ఒకే కాలంలో నీరసించాయన్నది గమనిస్తే, ఒకటి మరొకదాన్ని చంపిందన్న వాదన నిలవదు.

మరి హాళ్ళను ఏది పడగొట్టింది? టీవీ అని అందరూ అంటారు. తేలికైన జవాబు. 1980ల్లో దూరదర్శన్ ప్రసారాలు చిన్న ఊళ్ళకు చేరాయి, వీడియో పార్లర్లు వచ్చాయి, 1995లో ఈటీవీ, జెమినీ వచ్చాయి. ఇవన్నీ నిజమే. అయినా టీవీ వచ్చాక కూడా ఇరవై ఏళ్ళు ఈ హాళ్ళు నడిచాయి. అసలు దెబ్బ విడుదల పద్ధతిలో ఉంది. పూర్వం సినిమా ముందు పెద్ద ఊళ్ళలో ఆడి, తర్వాత పట్టణాలకు, ఆ తర్వాత పల్లెలకు దిగేది. ఎనిమిది వందల కుర్చీల హాలు యాభై రోజులు, వంద రోజుల పాటు కొద్ది కొద్దిగా నిండుతూ బతికేది. 1980ల నడుమ రాష్ట్రంలో వచ్చిన శ్లాబు పన్ను విధానం ఆ లెక్కను మొదట కదిలించింది. అమ్మిన టికెట్లను బట్టి కాక హాలు సామర్థ్యాన్ని బట్టి పన్ను కట్టాలి కాబట్టి, నిండని ఆట నష్టమైంది, నిండే తొలి వారాలే ముద్దయ్యాయి. ఆపైన డిజిటల్ ప్రొజెక్షన్ వచ్చి ప్రింటు ఖర్చు పోయింది. ఇక ఒకే రోజు ప్రతి ఊళ్ళో అదే సినిమా. మొదటి మూడు రోజులు హాలు చాలదు, నాలుగో రోజు నుంచి కుర్చీలు ఖాళీ. దీనికి తోడు శ్రీకాకుళం జిల్లా వలసల జిల్లా. ఒకప్పుడు రంగూన్‌కు ఓడెక్కినట్టే, ఇప్పుడు చెన్నైకి, హైదరాబాదుకు, గుజరాత్ చేపల రేవులకు వయసులో ఉన్నవాళ్ళు వెళ్ళిపోతారు. సంక్రాంతికి తిరిగొస్తారు. సినిమాకు వెళ్ళే వయసువాళ్ళు ఏడాదిలో పదిహేను రోజులే ఊళ్ళో ఉంటే, మిగతా రోజులు హాలు ఎవరి కోసం తెరవాలి?

ఇవన్నీ హాలును నీరసపరిచాయి, అంతే. మూసేయించింది మాత్రం దాని కింది నేల. ఊరి చివర అని చవకగా కొన్న ఎకరమో అరెకరమో ఇప్పుడు నాలుగు రోడ్ల కూడలి. అక్కడికి జనాన్ని రప్పించింది హాలే, జనం రావడం వల్ల ధర పెరిగింది, పెరిగిన ధర ముందు రోజుకు నాలుగు ఆటల ఆదాయం ఏ మూలకూ రాదు. తాత కట్టిన హాలును మనవలు పంచుకోవాలన్నా తెరను ముక్కలు చెయ్యలేరు, స్థలాన్ని చెయ్యగలరు. అందుకే ఈ ప్రాంతపు పట్టణాల్లో మూతపడిన హాళ్ళు చాలావరకు కల్యాణ మండపాలు, బట్టల దుకాణాలు, గోడౌన్లు అయ్యాయి. యజమానుల దురాశ అని నిందించడం నాకు న్యాయంగా తోచదు. లైసెన్సు, అగ్నిమాపక ధ్రువీకరణ, కరెంటు బిల్లు, మరమ్మతు, అన్నీ వాళ్ళ నెత్తినే పెట్టి, ఊరికి జరిగిన మేలులో మాత్రం మనం వాటా పంచుకున్నాం.

పోతే పోయింది, ఆ నల్లుల కుర్చీలు, చెమట, బీడీ పొగ ఎవరికి కావాలి, మల్టీప్లెక్సు హాయిగా ఉంది కదా అనేవాళ్ళున్నారు. హాయి సంగతి ఒప్పుకుంటాను. ముఖ్యంగా ఆడవాళ్ళకు పాత హాలు అన్నివేళలా సుఖమైన చోటు కాదు. కానీ ధర చూడాలి. 2021 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఖరారు చేసిన టికెట్ల పట్టికలో పంచాయతీలోని ఏసీ లేని హాలు కింది తరగతికి 5 రూపాయలు, నగరాల మల్టీప్లెక్సు పై తరగతికి 250. ఆ ఏడాది చివర తనిఖీలు జరిగాయి, హాళ్ళు కొన్ని మూతపడ్డాయి, 2022 మార్చిలో పట్టిక మార్చారు. అప్పటి గొడవలో హీరోలు, మంత్రులు ఏమన్నారో అందరికీ గుర్తుంది. నేల టికెట్టు మనిషి గురించి ఎవరూ మాట్లాడలేదు. 5 రూపాయలకు హాలు నడవదు, 250 రూపాయలకు ఉపాధి హామీ కూలీ తన పిల్లలతో వెళ్ళలేడు. ఈ రెంటి మధ్య ఒకప్పుడు పాత హాలు ఉండేది. ఆ మధ్య స్థలం ఖాళీ అయింది, అందులోకి ఇంకేదీ రాలేదు. చేతిలోని ఫోను సినిమాను ఇచ్చింది గానీ, పక్కవాడి నవ్వు విని తానూ నవ్వే ఎనిమిది వందల మందిని ఇవ్వలేదు.

కట్టడాలన్నిటినీ కాపాడమని అడగడం అయ్యే పని కాదు, అడగను. అయ్యే పని ఒకటుంది. సినిమా హాలు లైసెన్సులిచ్చేది జిల్లా రెవెన్యూ యంత్రాంగం. అందువల్ల కట్టిన ప్రతి హాలుకూ ఒక ఫైలు పుట్టింది: నక్షా, తరగతులవారీ కుర్చీల లెక్క, ఆడవాళ్ళ గుమ్మం ఎటు ఉందో, ఎప్పుడు రెన్యూ చేశారో, ఎప్పుడు ఆపారో. ఈ ప్రాంతపు మామూలు జనం ఎలా కూర్చున్నారో ఇంత వివరంగా చెప్పే పత్రాలు మరే శాఖలోనూ దొరకవు. జిల్లాలు విడిపోయినప్పుడల్లా ఫైళ్ళు ఒక ఊరి నుంచి మరో ఊరికి మారతాయి, మారినప్పుడల్లా కొన్ని పాత కాగితాల కట్టల్లో పోతాయి. 2022లో జిల్లాలు మళ్ళీ మారాయి. విశ్వవిద్యాలయాలు ఆ ఫైళ్ళ నకళ్ళు తీసి పెట్టడానికి ఇదే సమయం. శ్రీకాకుళంలో అంబేద్కర్ విశ్వవిద్యాలయం ఉంది, విజయనగరంలో గురజాడ పేరుతో విశ్వవిద్యాలయం ఉంది. ఆపరేటర్లు, గేటు మనుషులు, గోడల మీద పోస్టర్లు అంటించినవాళ్ళు ఇంకా మన మధ్యనే ఉన్నారు. వాళ్ళ మాటలు కూడా రికార్డు చేసి ఆ ఫైళ్ళ పక్కన చేరిస్తే ఈ చరిత్రకు ఆధారాలు దొరుకుతాయి.

హాళ్ళ మైకుల్లో మోగిన గొంతులు ఎక్కడివన్న ప్రశ్న ఈ భాగంలో దారిలోనే వదిలేశాం. సాలూరు పక్క శివరామపురం నుంచి సాలూరి రాజేశ్వరరావు, విజయనగరం నుంచి పి. సుశీల, పట్రాయని సీతారామశాస్త్రి ఇంట చదువుకున్న ఘంటసాల, వీళ్ళంతా ఒకే తరంలో మద్రాసు స్టూడియోలకు ఎలా చేరారు? ద్వారం వెంకటస్వామినాయుడు వయొలిన్ పాఠాలకూ తెలుగు సినిమా పాటకూ ఉన్న చుట్టరికం ఏమిటి? విజయనగరం నుంచి మద్రాసుకు వెళ్ళిన ఆ రైలు దారి వచ్చే భాగంలో.